కట్టుకొనిన చేయి

పఠన భాగములు: మార్కు 3:1–6, హెబ్రీయులకు 13:1–3, యోహాను 19:28–30

చింతలనార్ అను పేరు తెలుగు చెవికి పరాయిదిగా తోచదు. చింత మన పెరటి చెట్టే. 'నార్' అనగా గోండీ భాషలో ఊరు. బస్తరు సీమకు దక్షిణమున, సుక్మా జిల్లాలో, దోర్నపాలునుండి జగర్‌గుండకు పోవు అడవిదారిలో ఈ గ్రామము కలదు. అక్కడి జనుల మాటయు మన తెలుగును ద్రావిడ భాషలలో ఒకే శాఖకు చెందిన తోబుట్టువులు. మనము చేయి అనుదానిని గోండులు 'కై' అందురు. అయినను మనలో పెక్కుమందికి ఆ ఊరు ఒక వార్తగా మాత్రమే తెలియును. 2010 ఏప్రిల్ 6వ తేదీని ఆ ఊరి సమీపమున, తాడిమెట్ల యొద్ద, మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది హతులైరి. మన భాషలో చింత యను మాటకు రెండర్థములు కలవు గదా. ఆ దినమునుండి ఆ ఊరి పేరులోని చెట్టు మరుగుపడి, దుఃఖమే మిగిలెను.

ఆ చెట్టును కొంతసేపు మరల చూతము. బస్తరునుండి చింతపండు విరివిగా బయటి సంతలకు పోవును. జగదల్‌పూరు ఆ వర్తకమునకు పేరుపడిన స్థలము. రాలిన కాయను ఒక చేత పట్టి, మరియొక చేత కొట్టి పెంకు విడదీయవలెను. తరువాత ఈనెలు లాగి గింజ తీయవలెను. పట్టుకొనుటకొక చేయి, కొట్టుటకొక చేయి. వేసవిలో తునికాకు పని వచ్చును. ఏబది ఆకులు పేర్చి నారతో బిగించినయెడల ఒక కట్ట; అట్టి కట్టలు వేయి చేరినయెడల ఒక సంచి. ఆకు తెంపుటకు ఒక చేయి చాలును, కట్ట కట్టుటకు చాలదు. విస్తరి కుట్టుటకును, విల్లు ఎక్కుపెట్టుటకును, బిడ్డను చంకనెత్తుకొని నీళ్లబిందె మోయుటకును రెండు చేతులు కావలెను. ఇప్పపువ్వు ఏరుట ఒక్కటి ఒంటిచేతితో సాగును. అయితే ఆ పువ్వుకొరకు ఎలుగుబంట్లును వచ్చును. తరుముకొని వచ్చిన ఎలుగును ఒంటిచేతివాడు ఏమి పెట్టి అడ్డగించును?

అట్టి చోట ఒక చేయి పనికిరాకుండ పోవుట అరుదైన సంగతి కాదు. చెట్టుమీదనుండి పడుటచేత కావచ్చును, పక్షవాతముచేత కావచ్చును, కుష్ఠుచేత కావచ్చును. మన దేశములో కుష్ఠు అధికముగా కనబడు రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. అదిగాక, ఆ నేలలో పాతిపెట్టబడిన మందుపాతరలు తమపై అడుగు వేసినది ఎవరో చూడలేదు. జవానులును పల్లెవాసులును వాటివలన అవయవములు పోగొట్టుకొనిరి. ఇది పొరుగు రాష్ట్రపు సంగతి యని తెలుగువారు తప్పించుకొనజాలరు. ఆ యుద్ధమును నడిపిన నాయకులలో తెలుగువారు ఎందరో యుండిరి. 2005 తరువాత ఆ గ్రామములు విడిచి పారిపోయినవారిలో వేలమంది గోదావరి తీరపు తెలుగు జిల్లాలకే వచ్చి అడవి అంచులలో గుడిసెలు వేసికొనిరి. గాయపడినవారిని మోసికొని వచ్చునదియు పెక్కుసార్లు భద్రాచలమునకే.

ఇప్పుడు వేరొక దృశ్యము చూడుడి. మన క్రైస్తవ యువజన కూడికలలో కొన్నింట ఒక అభ్యాసము చేయింపబడుచున్నది. పాల్గొనువారు ఒక దినమంతయు తమ కుడిచేతిని తువాలుతో రొమ్మునకు కట్టుకొని గడుపవలెను. అవయవలోపము గలవారి కష్టము ఎట్టిదో ఎరుగుట దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. అయితే ఆ తువాలు ఏమి నేర్పును, ఏమి నేర్పజాలదు అని లేఖనముల వెలుగులో అడుగవలసియున్నది. చింతలనార్ మనిషిని గూర్చి వార్తాపత్రిక చదివినప్పుడు మనకు కలుగు జాలియు ఒక విధముగా అట్టి తువాలే. సాయంకాలమునకు ఊడిపోవును.

మొదటి గంటలో నవ్వులే యుండును. చొక్కా గుండీ పెట్టుకొనలేక ఒకడు, జడ వేసికొనలేక ఒకతె, పేస్టు మూతను పండ్లతో తీయుచు మరియొకడు. బైబిలును ఎడమచేత పట్టుకొనినయెడల పుట త్రిప్పుటకు చేయి లేదు. పుట త్రిప్పబోయినయెడల పుస్తకము జారిపోవును. ఇవన్నియు చిన్న సంగతులు. రెండు మూడు దినములలో ఎడమచేయి వీటిని నేర్చుకొనును కూడ. ఒక చేయి పోయినవారు చేయు పనులను చూచినవారికి ఇది తెలియును. వారు మోకాళ్లను, గడ్డమును, పండ్లను, గోడను, గుమ్మమును చేతిగా వాడుకొందురు. కష్టము గుండీయొద్ద లేదు.

మధ్యాహ్నము విస్తరి వేయబడినప్పుడు నవ్వు ఆగును. తెలుగింట ఎడమచేయి అన్నమునకు రాదు. ఎడమచేత డబ్బు ఇచ్చినవాడు అమర్యాదస్థుడు. ఎడమచేయి చాపిన పిల్లవాని చేతిమీద తల్లి కొట్టును. ఎందుకనగా ఆ చేతికి వేరు పని కలదు. ఆ పని పేరు పదుగురిలో చెప్పరు. కుడిచేయి పోయినవానికైతే శుభ్రపరచుకొను చేయియు తిను చేయియు ఒక్కటే. అతడు దానిని ఎన్నిసార్లు కడుగుకొనినను చూచువారి కన్నులలో అది కడుగబడదు. పెండ్లి విందులో అతడు చివరి వరుసలో కూర్చుండును, లేదా ఇంటికి పోయి తినెదనని చెప్పి లేచిపోవును. చెరకు గానుగలోనో నూర్పుడు యంత్రములోనో చేయి నలిగినవారు, బాల్యమున పోలియో తగిలి నేడు నడివయస్సులోనున్నవారు మన ప్రతి సంఘములోను ఒకరో ఇద్దరో యుందురు. వారు ప్రేమవిందులలో ఏ స్థలమున కూర్చుందురో ఎన్నడైన గమనించితిమా?

ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద సంగతి ఇంకను సున్నితమైనది. కుడిచేయి పైనుంచి అందుకొనవలెనని కొన్ని సంఘములలో పెద్దలు నేర్పుదురు. భక్తితో నేర్పిన మర్యాద అది, దానిని ఆక్షేపించుటకు కాదు. కాని కుడిచేయి లేనివాడు ఆ వరుసలో మోకరించి, రొట్టె తన యొద్దకు వచ్చుచున్న ఆ కొద్ది క్షణములలో ఏమి తలంచుచుండును? తన పాపములను తలంచుకొనవలసిన సమయమున తన ఎడమచేతిని తలంచుకొనుచుండును. మనము అతనికి పెట్టిన భారమది. శిబిరములో తువాలు కట్టుకొనిన యువకుడు అట్లు ఒక్కసారి బల్లయొద్దకు వచ్చినయెడల, ఒక దినపు శ్రమకు ఆ ఒక్క క్షణమే ఫలమని చెప్పవచ్చును.

సువార్తికులలో లూకా ఒక్కడే, సమాజమందిరములోని ఆ మనుష్యుని ఊచచెయ్యి కుడిచెయ్యి యని వ్రాసెను (6:6). వైద్యుని కన్ను గనుక గుర్తించెనని వ్యాఖ్యాతలు అందురు. కావచ్చును. అయితే కుడి ఎడమల భేదము యూదుల లోకములోను బలమైనది. బెన్యామీను అను పేరునకే కుడిచేతి కుమారుడని అర్థము. ఆ గోత్రములోనే ఏహూదు పుట్టెను. మన తెలుగు బైబిలు అతనిని ఎడమచేతి వాటము గలవానిగా చూపుచున్నది. హెబ్రీ మూలములోనున్న మాటలైతే కుడిచేయి మూయబడినవాడు, కట్టబడినవాడు అను భావము నిచ్చును (న్యాయాధిపతులు 3:15). ప్రాచీన గ్రీకు అనువాదకులు ఆ మాటకు జంకిరో యేమో, రెండు చేతులును సమర్థముగా వాడువాడని మార్చిరి. అనువాదము చేయువారికి ఇట్టి శోధన కలుగును: బలహీనతను బలముగా దిద్ది వ్రాయవలెనని. మూలము దిద్దలేదు. కట్టబడిన కుడిచేయి గలవానినే దేవుడు తన ప్రజలకు రక్షకునిగా లేపెను.

తువాలు నేర్పనిదేమి? సాయంకాలము ఆరు గంటలకు అది విప్పబడును. చేయి తిమ్మిరి వదలి, రక్తము పారి, వ్రేళ్లు కదలినప్పుడు ప్రాణమునకు ఎంత హాయి! సాక్ష్యములు చెప్పు సమయమున ఒకడు లేచి, దేవుడు నాకు రెండు చేతులిచ్చినందుకు స్తోత్రమని చెప్పును. అందరును ఆమేన్ అందురు. ఆ స్తోత్రము ఎక్కడనో విన్నట్లు తోచదా? దేవాలయములో ఒక పరిసయ్యుడు తాను ఇతరులవంటివాడు కానందుకు స్తుతించెను (లూకా 18:11). ప్రక్కనున్నవాని లోపమును చూచి పుట్టిన కృతజ్ఞత ఆ ప్రక్కనున్నవానికి అన్నము కాదు, గౌరవమును కాదు. 2017లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక మనస్తత్వశాస్త్ర పరిశోధనయు ఈ సంగతినే వేరు విధముగా చూపెను. అంగవైకల్యమును అభినయించినవారిలో సానుభూతి కొంత పెరిగినను, దానితోకూడ నిస్సహాయత, సిగ్గు, తమకును అట్లు జరుగునేమో యను భయము పెరిగెను. అట్టి జనులతో కలసిమెలసి యుండవలెనను మనస్సు మాత్రము పెరుగలేదు. మొదటి దినపు తడబాటు ఏండ్ల తరబడి బ్రదికినవాని బ్రదుకు కాదు గదా. అతని నేర్పును తువాలు చూపదు.

అయితే లేఖనములలో కట్టుకొనుట లేదా? కలదు. యెహెజ్కేలు చెరలోనున్నవారి యొద్దకు వచ్చి, వారు కూర్చున్న చోట తానును ఏడు దినములు విభ్రాంతితో కూర్చుండెను (3:15). ఆ మీదట దేవుడు అతనిని త్రాళ్లతో కట్టి, ఎడమ ప్రక్కమీద 390 దినములును కుడి ప్రక్కమీద 40 దినములును పండుకొనుమని ఆజ్ఞాపించెను (4:4–8). అది అభినయమే. కాని ఆ అభినయమునకు ముందు ఏడు దినముల మౌనముండెను. ప్రసంగింపక, ప్రశ్నింపక, వారున్న చోటనే యుండుట. మన శిబిరములు ఆ ఏడు దినములను విడిచిపెట్టి త్రాడునొద్దనే ఆరంభించుచున్నవి.

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము మూడవ వచనములో ఖైదీలను తలంచుకొనుడని చెప్పుచు, రచయిత ఒక వింత మాట వాడెను. బంధింపబడుట అను క్రియకు గ్రీకులో 'సహ' అను అర్థమిచ్చు ఉపసర్గను చేర్చెను. వారి సంకెళ్లనే మీరును వేసికొనియున్నట్లు తలంచుడని భావము. ఆ వెంటనే, హింసింపబడువారిని గూర్చి చెప్పుచు, కారణము చూపెను: మీరును శరీరములోనే యున్నారు. ఇక్కడ ఆగి చూడవలెను. మీరు వారివంటివారని నటింపుడని అతడు చెప్పలేదు. మీకును దేహమున్నది, అది కట్టబడగలదు, విరుగగలదు, చచ్చుబడగలదు, దానిని ఎరిగి తలంచుడని చెప్పెను. ఆ పాఠకులు దానిని అంతకుముందే ఎరుగుదురు. ఖైదులోనున్నవారితో సహానుభవము చూపినందున వారు తమ ఆస్తినే కోలుపోయిరని పదియవ అధ్యాయము చెప్పుచున్నది (10:34). వారి సహానుభవమునకు వెల యుండెను.

ఈ వెల ఎట్టిదో వేలూరు చరిత్రలో చూడవచ్చును. చిత్తూరు సీమకు ఆనుకొనియున్న వేలూరు మన తెలుగు రోగులకు తరతరములుగా తెలిసిన స్థలము. డాక్టరు పాల్ బ్రాండ్ (1914–2003) తమిళనాటి కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చెను. మరుసటి సంవత్సరము చెంగల్పట్టులోని కుష్ఠు ఆశ్రమమునకు పోయి, పక్షిగోళ్లవలె వంగిపోయిన చేతులను చూచెను. ఒక రోగిని పిలిచి, నా చేతిని నీ బలముకొలది నొక్కుమని అడిగెను. బలమేమియు ఉండదని అతడు తలంచెను. ఆ రోగి నొక్కగా నొప్పికి ఓర్వలేకపోయెను. చచ్చినదనుకొనిన చేతిలో బలమైన కండరములు ఇంకను బ్రదికియున్నవి! ఆ బలమును త్రిప్పి, చచ్చుబడిన వ్రేళ్లకు అతికించు శస్త్రచికిత్స 1948లో ఆరంభమైనది. ఆ కాలమున కుష్ఠురోగి చేతిని ముట్టుటకే జనులు భయపడుచుండిరి. ముట్టనివారికి ఆ బలము ఎన్నటికిని తెలిసియుండదు.

బ్రాండ్ జీవితములో ఒక రాత్రి కలదు. అమెరికా పర్యటన ముగించుకొని ఓడలో ఇంగ్లండు చేరి, రైలులో లండను వచ్చిన రాత్రి. మేజోడు తీయుచుండగా మడమలో స్పర్శ లేనట్లు తోచెను. గుండుసూది తీసికొని గ్రుచ్చుకొనెను, నొప్పి లేదు. రోగుల కాళ్లను ఏండ్లపాటు అట్లు గ్రుచ్చి పరీక్షించినవానికి దాని అర్థము వేరే చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అతడు నిద్రపోలేదు. భార్యాబిడ్డలకు దూరముగా బ్రదుకుట ఎట్లో, చేయుచున్న పని ఏమగునో తలంచుచు తెల్లవార్లు పడియుండెను. ఉదయమున మరల సూది గ్రుచ్చుకొనగా నొప్పితో కేక వేసెను. రైలులో ఒకే విధముగా కూర్చుండుటవలన నరము నొక్కుకొని మొద్దుబారెనే గాని వ్యాధి కాదు. నొప్పి కలిగినందుకు దేవుని స్తుతించెను.

తువాలు విప్పబడిన సాయంకాలమువంటిదే ఆ ఉదయము. ఆ రాత్రి బ్రాండ్‌ను రోగిగా చేయలేదు. అయితే చేయి పట్టుకొనిన వైద్యునికి కలిగిన రాత్రి యిది; చేయి ముట్టనివానికి ఇట్టి రాత్రి కలుగదు, కలిగినను వ్యర్థమై పోవును. ఆ రోగులతో బ్రదుకుట మొదట వచ్చెను, వారి భయము రుచి చూచుట తరువాత వచ్చెను. యెహెజ్కేలు క్రమమే యిది.

వ్రేళ్లు సాగుటతోనే ఆ కథ ముగియలేదు. శస్త్రచికిత్స పొందిన ఒక యువకుడు కొంతకాలమునకు తిరిగి వచ్చి, మీరిచ్చిన ఈ చేతులు బిచ్చమునకు పనికిరావని బ్రాండ్‌తో మొరపెట్టుకొనెను. వంకరపోయిన వ్రేళ్లను చూచి కాసు వేసినవారు ఇప్పుడు వేయరు. వ్యాధి మచ్చలను చూచి పని ఇచ్చువారు లేరు, గది అద్దెకిచ్చువారును లేరు. చేయి బాగుపడెను, దానిని అందుకొను చేయి లేదు. అందువలననే వేలూరులో నవజీవ నిలయము ఏర్పడెను. అక్కడ ఆ యువకులు గుడిసెలలో కలసి బ్రదుకుచు, కొయ్యపని నేర్చుకొని బొమ్మలు చేసిరి.

ఈ మొర పదునారు శతాబ్దములకు పూర్వమే వ్రాయబడియున్నది. లాటిను బైబిలును మనకిచ్చిన జెరోము, మత్తయి 12వ అధ్యాయమునకు వ్రాసిన వ్యాఖ్యలో, నజరేయులను క్రైస్తవులు వాడుచుండిన ఒక సువార్తలోని మాటను పేర్కొనెను. దాని ప్రకారము ఊచచెయ్యి గలవాడు తాపీపనివాడు, చేతులతో పొట్టపోసికొనువాడు, సిగ్గు విడిచి బిచ్చమెత్తు గతి తనకు రానీయవద్దని యేసును వేడుకొనెను. మన సువార్తలలో ఆ మాట లేదు గనుక దానిని లేఖనముగా గైకొనరాదు. అయినను మార్కు వాడిన క్రియారూపము ఆ చేయి పుట్టుకతో అట్లున్నదని గాక, ఎండిపోయినదని సూచించును. పని చేసిన చేయి, పనిని ఎరిగిన చేయి.

ఆ విశ్రాంతి దినమున సమాజమందిరములో అందరి కన్నులును యేసుమీదనే యుండెను, ఆయనపై నేరము మోపుటకు. ఊచచెయ్యి వారికొక ఉరి మాత్రమే. గోడప్రక్కనున్న ఆ మనుష్యుని ఆయన నడుమకు రమ్మనెను. ఆయన వారిని కోపముతో కలయజూచెను, దుఃఖపడెను. ఇక్కడ దుఃఖపడెనను మాటకు గ్రీకులో మరల ఆ 'సహ' అను ఉపసర్గయే. క్రొత్త నిబంధన అంతటిలో ఈ మాట ఈ ఒక్క చోటనే యున్నది (మార్కు 3:5). తెలుగులో ఆ ఉపసర్గ వినబడదు. వినిపింపజేయుట కష్టము కూడ. ఎండిపోయిన చేతిని చూచి అందరును జాలిపడగలరు. ఎండిపోయిన హృదయములకొరకు కూడ ఆయన దుఃఖించెను, వాటిమీద కోపపడుచునే. తరువాత చేయి చాపుమనెను. ఏ చేతిని ఆ మనుష్యుడు ఏండ్లనుండి చెంగుచాటున దాచుకొనెనో దానినే. అది బాగుపడెను. మరి ఆరవ వచనము? పరిసయ్యులును హేరోదీయులును ఆయనను చంపుటకు ఆ ఘడియలోనే ఆలోచన చేసిరి. ఆ తాపీవాని చేతికి చెల్లింపబడిన వెల అక్కడ వ్రాయబడియున్నది.

బ్రాండ్ సహపనివారిలో డాక్టరు మేరీ వర్గీసు ఉండెను. కేరళలోని కొచ్చిన్ ఆమె స్వస్థలము. 1954 జనవరి 30న జరిగిన వాహన ప్రమాదములో ఆమె వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింది భాగమంతయు చచ్చుబడెను. ఆమెకు కట్టబడినది సాయంకాలమున విప్పబడలేదు. 1986లో మరణించు వరకు విప్పబడలేదు. అయితే ఆమె చేతులు బాగుగనే యున్నవి. కూర్చుండి చేయదగిన శస్త్రచికిత్సలు కలవు. కుష్ఠురోగుల చేతులకు చేయునవి అట్టివే. చక్రముల కుర్చీలో కూర్చుండి ఆమె వాటిని చేసెను. నడువగలిగి చేతులు లేనివారు, చేతులుండి నడువలేని ఆమె యొద్దకు వచ్చిరి. ఆ కుర్చీని చూచుటతోనే రోగి ముఖము మారుచుండెడిదని ఆమెను ఎరిగినవారు వ్రాసిరి. ఆమె వారి కష్టమును అభినయింపలేదు, వివరింపను లేదు. తరువాత విదేశములో శిక్షణ పొంది వచ్చి, వేలూరులో అంగవికలుల పునరావాస వైద్యశాఖకు 1963లో అధిపతి యాయెను; 1972లో పద్మశ్రీ పొందెను. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. దేవుడు ఆమెకు సానుభూతి నేర్పుటకు ఆ ప్రమాదమును పంపెనని చెప్పుట సులభము. చక్రముల కుర్చీలో కూర్చుండనివారికి మరింత సులభము. దుఃఖమును దేవుడు వాడుకొనుట వేరు, దుఃఖమును పాఠముగా పంపుట వేరు. మొదటిదానిని సువార్త ఎరుగును. రెండవదానిని యోబు స్నేహితులు చెప్పిరి, దేవుడు వారిని గద్దించెను.

మన ప్రభువు సంగతి ఏమి? ఆయన బలహీనతలయందు మనతో సహానుభవము గలవాడని హెబ్రీ పత్రిక చెప్పునప్పుడు (4:15), అక్కడను అదే ఉపసర్గ. శరీరధారియై ఆయన కట్టుకొనినది మరల విప్పుకొనలేదు. అయిదువేలమందికి రొట్టె విరిచిన చేతులవి. కుష్ఠురోగిని ముట్టిన చేతులు. శిష్యుల పాదములు కడిగిన చేతులు. సిలువమీద ఆయనకు పనికివచ్చు చేయి ఒక్కటియు లేకపోయెను. ముఖముమీద వ్రాలిన ఈగను తోలుకొనజాలడు. దప్పిగొని అడిగినప్పుడు, చిరకతో నిండిన స్పంజిని హిస్సోపు పుడకకు తగిలించి వేరొకరు ఆయన నోటికి అందించిరి (యోహాను 19:29). ఆ అందించినవాడు ఎవడో, దయతో అందించెనో ఎగతాళికి అందించెనో యోహాను చెప్పలేదు. ఆయన పుచ్చుకొనెను. ఒంటిచేతివాడు పదుగురిలో ఎదుటివాని చేతినుండి ముద్ద పుచ్చుకొనునప్పుడు పడు సిగ్గు ఆయనకు తెలియనిది కాదు. మూడవ దినమున మూయబడిన తలుపుల నడుమ ఆయన వచ్చి నిలిచి, శిష్యులకు మొదట చూపినది చేతులనే. మహిమ శరీరములోను ఆ గాయములు మానలేదు.

జనవరినుండి ఏప్రిల్ వరకు ఖమ్మము, భద్రాద్రి, ములుగు జిల్లాలలో మిరప కోతలు సాగును. సుక్మా, బీజాపూరు అడవులనుండి కోయలు కుటుంబములతో కూలికి దిగుదురు. పొలముగట్లమీదనే వండుకొని, పట్టాలక్రింద పండుకొందురు. ఆ పొలముల యజమానులలో మన సంఘస్థులును లేకపోలేదు. ఆదివారము ఆరాధన గంట ఆ గట్లవరకు వినబడును. ఇచ్చటి అంగవికలునికి అంగవైకల్య ధ్రువపత్రమును పింఛనును కలవు. సరిహద్దు దాటి వచ్చినవానికి ఆ కాగితము చేతికి వచ్చుట కష్టము. అతనికి కలది అతని పనియే.

ఆ గుంపులో ఎడమచేతితో మాత్రమే కాయలు తెంపువాడు ఒకడు ఉండవచ్చును. తెల్లవారకముందే అందరితోపాటు సాలులో దిగును. మొక్కను మోకాళ్లతో నొక్కిపట్టి, కొమ్మ విరుగకుండ తొడిమెతోకూడ తెంపుట అతడు నేర్చుకొనియున్నాడు. అయినను పొద్దు వాలునప్పటికి అతని గోనె సగమే నిండును. కొన్ని చోట్ల కూలి దినమును బట్టి కాక తూకమును బట్టి కట్టుదురు. కాటాయొద్ద వరుస నిలుచును. అతడు చివరను నిలుచును. చీకటి పడుచుండగా, ద్రాక్షతోట యజమానుడు కూలి లెక్క చూడుమని తన గృహనిర్వాహకుని పిలిచినదియు, చివరివారితో మొదలుపెట్టుమనినదియు ఆ వేళకే (మత్తయి 20:8).